స్లాబు మీద సూర్యుణ్ణి వినిపించిన మా ప్రభుదాస్ సార్

నిన్న పొద్దున హుమ్నాబాద్‌లో మా ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లారీ సరుకుకు బిల్టీ రాస్తున్నాను. బయట లోడ్ లారీ హారన్ కొడుతోంది. అప్పుడు ఫోన్ మోగింది. మా కాలేజీ జూనియర్.

"మంజులక్కా, ప్రభుదాస్ సార్ లేడక్కా. పొద్దుగాల చాయ్ తాగుకుంట కుర్చీలనే ఒరిగిండట."

సరే అన్నాను. ఫోన్ పెట్టేసి మళ్లీ బిల్టీ రాశాను. డ్రైవర్ దాన్ని చూసి, "మేడం, ఇదేం ఊరు?" అన్నాడు.

సరుకు దిగాల్సిన ఊరి పేరు రాయాల్సిన చోట సార్ పేరు రాసి ఉంది.

అప్పుడొచ్చింది ఏడుపు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. సార్ బీదర్‌లో మా డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్. పాఠం బోర్డు మీద తక్కువ, కాలేజీ స్లాబు మీద ఎక్కువ.

కట్టె ఫ్రేముకు మా చేతనే రాగి తీగ చుట్టించి యాంటెనా కట్టించారు. మధ్యాహ్నం నీళ్ల ట్యాంకు నీడలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ ఇచ్చి కళ్లు మూసుకోమనేవారు.

చిటపట... చిటపట...

పేలాలు వేగినట్టు.

"ఏడనో సముద్రం మీద మెరిసిన మెరుపు బేటా. ఇంత దూరం నీ కోసం వచ్చింది. జర మర్యాదగ విను."

సూర్యుడి మీద పెద్ద మంట లేస్తే, ఎనిమిది నిమిషాలకు ఆ ప్రభావం భూమి పైపొర గాలికి చేరుతుంది. ఎక్కడి నుంచో వచ్చే రేడియో సిగ్నల్ మారుతుంది. మా కంప్యూటర్‌లో గీత లేస్తుంది.

అక్కడ సూర్యుడిలో మంట, ఇక్కడ బీదర్‌లో గీత.

ఆ గీతను చూస్తూ ఎన్ని మధ్యాహ్నాలు టిఫిన్ డబ్బా తెరవడం మర్చిపోయానో. ఎర్రమట్టి, దూరంగా కోట బురుజు, ఎండలో అన్నీ కొంచెం తేలుతున్నట్టు ఉండేవి. నేనూ నేల మీద ఉన్నట్టు ఉండేది కాదు.

నెలకో శనివారం ఎక్కడెక్కడి స్పేస్ ఫిజిక్స్ రీసెర్చ్ వాళ్లంతా ఆన్‌లైన్‌లో కలుస్తారు. సార్ కూడా అందులో ఉండేవారు. మమ్మల్ని వాళ్లకు పరిచయం చేయాలని ఆయనకు మహా పిచ్చి.

నా పరిచయం ఎలా జరిగిందో చెప్తాను. నవ్వకండి.

ఒకరోజు పదకొండింటికి గీత ఎగిరింది. మర్నాడూ అదే టైముకు. మూడో రోజూ అంతే! నేను ఆగుతానా? "బీదర్ నుంచి సౌర జ్వాలలు కనిపించాయి" అని గ్రూపులో అందరికీ మెయిల్ కొట్టేశాను.

ఒకాయన ఎంతో మర్యాదగా జవాబిచ్చారు. ఈ మూడు రోజులూ సూర్యుడు ప్రశాంతంగానే ఉన్నాడట.

సార్ నన్ను కాలేజీ వెనక్కి తీసుకెళ్లారు. అక్కడ రోజూ పదకొండింటికి మొదలయ్యే పిండి గిర్ని. "భాయ్, జర బంద్ జేసి మళ్ల చాలూ జెయ్" అన్నారు. గిర్ని ఆగింది, పైన గీత పడిందని స్లాబు మీంచి ఒకడు అరిచాడు. మళ్లీ తిరిగింది, గీత లేచింది.

పరువంతా పోయింది. "మీకు ముందే తెల్సు గద సార్, ఎందుకు చెప్పలే?" అని మీద పడ్డాను.

"నేను చెప్తే గిర్ని నీకు దొర్కేదా?" అన్నారు.

ఆ శనివారం మీటింగులో నాతోనే ఆ సంగతి చెప్పించారు. అందరూ పగలబడి నవ్వారు. ఒక పెద్ద సైంటిస్టు, తను నెల రోజులు కేబుల్ పెట్టకుండానే డేటా తీశానన్నాడు. ఇంకొకాయన, యాంటెనాలోని పావురాల గూడు వల్ల వచ్చిన గోలను కొత్త సిగ్నల్ అనుకున్న కథ చెప్పాడు. ఆ రోజు ఇంక వేరే పనే జరగలేదు. నేను వాళ్ల మనిషినైపోయాను.

తర్వాత పీహెచ్‌డీలో చేరాను. రెండేళ్లకు నాన్నకు పక్షవాతం వచ్చింది. చదువు వదిలేసి హుమ్నాబాద్ వచ్చి ఈ ఆఫీసులో కూర్చున్నాను.

ఐదేళ్లు ఆ మీటింగు లింకు నొక్కలేదు. సిగ్గు. సార్ ఫోన్ కూడా సగం సార్లు ఎత్తలేదు. ఇది రాయడానికి ఇప్పుడు చేతులు రావడం లేదు.

పోయిన వారం మాత్రం ఎత్తాను.

"వచ్చే శనివారం ముగ్గురు కొత్త పిల్లలున్నరు. నువ్వే పరిచయం జెయ్యాలె."

"మధ్యల ఇడిసిపెట్టిన దాన్ని సార్. ఏం మొకం పెట్టుకొని వస్త?"

"నీ మొకమే పెట్టుకొని రా. ఇంకోటి ఏడికెళ్లి తెస్తవ్?"

చూస్తానన్నాను. వస్తానని అనలేదు.

నిన్న సాయంత్రం బీదర్ సమాధుల తోటలో పాస్టరుగారి ప్రార్థన అయ్యాక ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. పేరు రేణుక, హళ్ళిఖేడ్ నుంచి రోజూ బస్సులో కాలేజీకి వస్తుందట. సార్ చెప్పిన ముగ్గురిలో ఒకతి. కళ్లు వాచి ఉన్నాయి.

"అక్కా, రేపు మీటింగ్ ఉంటదా? మీరొస్తరని సార్ చెప్పిండు. ఏడాది సంది దీని కోసమే డేటా తీస్తున్నం."

కాదని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఈ మధ్యాహ్నం ఆఫీసు వెనక గదిలో కూర్చొని లింకు నొక్కాను. ముందు సార్ కోసం అందరూ మౌనం పాటించారు. తర్వాత కెమెరా పెట్టకుండా, నా పేరు చెప్పకుండానే ముగ్గురు పిల్లల్నీ పరిచయం చేశాను. రేణుక బెదరకుండా తమ డేటా గురించి చెప్పింది. ప్రశ్నలు అడిగారు, జవాబిచ్చింది. అబ్బా, ఎంత బాగా చెప్పిందో!

నా పనైపోయిందని బయటికి రాబోయాను.

మీటింగు నడిపే పెద్దావిడ, "మీరెవరమ్మా?" అన్నారు.

కెమెరా పెట్టి నిజం చెప్పేశాను. మంజులను. పీహెచ్‌డీ సగంలో వదిలేశాను. సిగ్గుతో ఐదేళ్లు రాలేదు.

అప్పుడావిడ చెప్పారు.

"ఐదేళ్లుగా ప్రతి మీటింగులో అందరూ పేర్లు చెప్పుకునేటప్పుడు మీ సార్ రెండు పేర్లు చెప్పేవారు. 'ప్రభుదాస్, బీదర్. మంజుల ఈసారికి రాలేకపోయింది' అని."

ఒక్కసారి కూడా మానలేదట.

సార్, ఈసారి వచ్చిన.

మీ ప్రభువు దగ్గర నిమ్మళంగా పడుకోండి. వచ్చే నెల మీ పేరు నేను చెప్తాను.