దీవిలో మేం చూడకుండా వచ్చినవి

పోయిన ఆదివారం మధ్యాహ్నం, అన్నం వడ్డించుకుంటుండగా, మా చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. భర్తతో కలిసి గ్రీసులో ఏదో దీవికి సెలవులకు వెళ్తోందట. “పెద్దమ్మా, మీరు ఖతర్‌ల ఉన్నప్పుడు పోయిండ్రు గదా. ఏం చూడాలె, ఏం వదిలెయ్యాలె చెప్పు” అంది. తీరా చెప్పబోతే ఏమీ దొరకలేదు. ఆ దీవిలో చూడాల్సినవన్నీ వదిలేసి వచ్చిన ఘనత మాది.

చమురు డబ్బుతో దోహా రాత్రీ పగలూ పెరుగుతున్న రోజులవి. ఫరీజ్ బిన్ మహమూద్ బస్తీలో మా గది కిటికీ తెరిస్తే సిమెంటు దుమ్ము. మా ఆయనకు కరెంటు ప్లాంటులో రాత్రి డ్యూటీ. నాకు మదీనత్ ఖలీఫాలో ఒక క్లినిక్‌లో పగటి డ్యూటీ, నర్సుని. నేను మెట్లు దిగుతుంటే ఆయన ఎక్కేవాడు. తిన్నావా అంటే తిన్నా అనుకోవడం, అంతే, అదే మా కాపురం.

ముందు తిన్నవాళ్లు రెండోవాళ్లకు వడ్డించి, పళ్లెం మీద పళ్లెం బోర్లించి పోవాలి. మాటలు కూడా ఆ పళ్లేలతోనే. కూరలో ఉప్పు తక్కువైతే ఆయన ఉప్పు డబ్బా తెచ్చి పళ్లెం పక్కన పెట్టి పోయేవాడు. నాకు ఒళ్లు మండి మర్నాడు కూడా అదే కూర వండేదాన్ని. మొదట్లో ఇదంతా సరదాగా ఉండేది. తర్వాత ఆ సరదా కూడా పోయింది. ఒకరోజు మెట్ల మీద ఎదురుపడితే ఆయన పక్కకు జరిగి దారిచ్చాడు, పరాయి ఆడమనిషికి ఇచ్చినట్టు. ఆ రోజే గట్టిగా అనుకున్నాను, రాబోయే సెలవుల్లో కూడా ఇట్లాగే ఉంటే ఊరికి పోయి ఇక తిరిగి రాకూడదని.

ప్లాంటులో ఒక గ్రీకు ఇంజినీరు ఉండేవాడు. తన దీవిలో అన్నగారి గది ఖాళీగా ఉందని, ఊరికెళ్లే ముందు కొన్నాళ్లు అక్కడ ఉండి పొమ్మని పట్టుబట్టాడు. మా అత్తగారు వింటే ఊరుకుంటుందా, దుబాయ్‌లో సముద్రం లేదా, అది చూడ్డానికి ఇంకో దేశం పోవాలా అని కబురు పంపింది. ఆమెకు ఖతర్ కూడా దుబాయే. ఇంజినీరు మాత్రం వేళ్లు మడిచి మరీ చెప్పాడు. కొండ మీది తెల్లటి ఊరు చూడండి, పడవెక్కి పాత గుడి చూడండి, రేవు దగ్గరి కొట్లలో ఏమీ కొనకండి, మధ్యాహ్నం ఎండకు బయటికి రాకండి. ఖతర్ నుంచి వచ్చినవాళ్లకు ఎండ గురించి చెప్పడమేమిటో.

తీరా అక్కడికి వెళ్తే డ్యూటీలు కూడా మా వెంటే వచ్చాయి. మా ఆయన పగలంతా గుర్రుపెట్టి నిద్ర. నేను వరండాలో ఒక్కదాన్నే కూర్చుని నీలంగా మెరిసే ఆ నీళ్లను తిట్టుకునేదాన్ని. ఆయన లేచేసరికి నాకు కళ్లు మూతలు పడేవి. గుడి లేదు, కొండ లేదు. ఇంక ఊరికి పోవడమే అని మనసులో తేల్చేసుకున్నాను.

ఒకనాడు పొద్దు వాలుతుండగా ఆయన్ని లేపి, ఒడ్డునున్న హోటలుకు లాక్కెళ్లాను. వేయించిన చేప, రొట్టె, టమాటా ముక్కలు తెచ్చిపెట్టారు. క్లినిక్‌లో అలవాటైన తిండి నాది, గబగబా సగం చేప తినేశాను. మిగతా సగం మీద ఖాళీ పళ్లెం బోర్లించి, పక్కకు నెట్టి, చేతులు కడుక్కోవడానికి లేచాను.

తిరిగి వచ్చేసరికి హోటలాయన ఆ పళ్లెం తీసుకుపోబోతున్నాడు. మా ఆయన దాని మీద చెయ్యి పెట్టి తియ్యనివ్వడం లేదు. నన్ను చూసి మెల్లగా అడిగాడు. “ఎవలికి మూత పెట్టినవ్? నేనీడనే ఉన్న గదా.”

నేను చేసిందేమిటో అప్పుడు అర్థమైంది. ఎదురుగా కూర్చున్న మనిషికి మూత పెట్టాను. నవ్వబోయాను, ఏడుపొచ్చింది. అంతమందిలో నిలబడే ఏడ్చాను. “నేను ఊరికి పోత. ఇట్ల బతుకుడు నాతోని కాదు” అన్నాను.

ఆయన పై పళ్లెం తీసి, చేపను ముళ్లు లేకుండా రెండు చేసి, ఒక ముక్క నా ముందు పెట్టాడు. “కూసో. నేను తినేదాక కూసో” అన్నాడు.

కూర్చున్నాను. ఆ సెలవులన్నీ అట్లాగే గడిచాయి. తినడం, తిన్నాక కూడా లేవకపోవడం, ఎప్పటెప్పటివో మాటలు. నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న రోజులు ఎక్కువ లేవు. దోహాకు తిరిగి రాగానే ఆయన సూపర్‌వైజర్ దగ్గరికి పోయి నైట్ డ్యూటీ మాఫీ, అంటే ఇక చెయ్యనని, అరబ్బీలో చెప్పేశాడట. ఫులూస్ చేదా, డబ్బులు వద్దా అని వాళ్లంతా ఎగతాళి చేశారట.

ఇదంతా పిల్లకు ఫోన్‌లో ఎట్లా చెప్తాను? “చేపలు మంచిగుంటయి బిడ్డా, జర మెల్లగ తినుండ్రి” అన్నాను. ఇదేం చెప్పడం పెద్దమ్మా అని విసుక్కుంది. దాన్ని సముదాయించి, వాళ్లమ్మ మోకాళ్ల నొప్పుల గురించి అడిగి, ఫోన్ పెట్టేసరికి చాలాసేపే అయింది.

వంటింట్లోకి వచ్చాను. నా పళ్లెం మీద పళ్లెం బోర్లించి ఉంది. మా ఆయన దాని ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. “చల్లారుతదని మూత పెట్టిన” అన్నాడు.

ఆయన పళ్లెం మీద కూడా మూత ఉంది.