దారి దావాలో తారుమారైన జవాబులు

1974లో వేసవి సెలవులు ముగిసి కోర్టులు తెరిచిన వారంలోనే, హైదరాబాద్ పాతబస్తీలో సివిల్ ప్రాక్టీసు చేసే ఒక సీనియర్ వకీలు దగ్గర జూనియర్‌గా చేరాను. మాది తెనాలి వైపు. సివిల్ ప్రొసీజర్ కోడ్ బాగానే బట్టీ పట్టాను గానీ ఉర్దూ ఒక్క ముక్క రాదు. జూనియర్ అంటే ఫైళ్లు మోయడం, వాయిదాలు డైరీలో ఎక్కించడం, సీనియర్ చేత తిట్లు తినడం. మూడింటికీ కరువు లేకుండా చూసుకున్నారు మా సీనియర్ గారు.

నాకు అప్పగించిన మొదటి దావా హుస్సేనీ ఆలంలో ఒక దారి గురించి. వాది ఎల్లయ్య, బస్సు డిపోలో మెకానిక్. ప్రతివాది ఒక బేగం సాహెబా, వయసు మళ్లిన వితంతువు, పరదా పాటించే మనిషి. ఎల్లయ్య ఇల్లు ఆమె ఇంటికి వెనక ఉంది. తాతల నాటి నుంచీ ఆ కుటుంబం వీధిలోకి రావాలంటే ఆమె ఇంటి లోపలి వాకిలి దాటే రావాలి. బేగం గారి వ్యవహారాలు చూసే మేనల్లుడు సలీం ఇల్లు అమ్మకానికి పెట్టాలనుకొని మధ్య తలుపుకు తాళం వేశాడు. అప్పటి నుంచి ఎల్లయ్య పక్కింటి గోడకు నిచ్చెన వేసుకొని డ్యూటీకి పోతున్నాడు. అతని తల్లి బాలమ్మకు మోకాళ్లు వంగవు. నిచ్చెన ఎక్కలేదు. తాళం పడ్డాక ఆమె వీధి మొహం చూడలేదు, ఆస్పత్రికి వెళ్లడం కూడా మానేసింది. ముందు తాళం తీయించండి, విచారణ తర్వాత చేద్దురు గానీ అని అర్జీ పెట్టుకుంటే, అన్నీ విచారణలోనే తేలుద్దామన్నారు జడ్జి గారు.

ఇలాంటి దావాలో తేలవలసిన విషయం ఒక్కటే. ఇరవై ఏళ్లకు తక్కువ కాకుండా, బహిరంగంగా, అడ్డు లేకుండా, హక్కుగా నడిచిన దారి నడిచినవాడికి దక్కుతుంది. ఇంటివాళ్ల అనుమతితో నడిచి ఉంటే ఎన్నేళ్లయినా దక్కదు, ఎందుకంటే ఇచ్చినవాళ్లు ఎప్పుడైనా ఇక రావద్దనవచ్చు. హక్కా, అనుమతా? దావా అంతా ఇక్కడే ఉంది.

విచారణకు ముందే ఎదుటి కక్షిదారును రాతపూర్వకంగా ప్రశ్నలడిగే పద్ధతి ఒకటుంది. ఇంటరాగేటరీలంటాం. కోర్టు అనుమతితో పంపాలి. సాక్షులను అడగకూడదు, కక్షిదారులనే అడగాలి. జవాబులు ప్రమాణం చేసి అఫిడవిట్‌గా ఇవ్వాలి. అందులో ఒక మెలిక ఉంది. నా జవాబు నాకు అక్కరకు రాదు గానీ, ఎదుటివాడు దాన్ని నా మీద వాడుకోవచ్చు. అందుకే తలపండిన వకీళ్లు ఒక్కో జవాబునూ ఆచితూచి రాయిస్తారు. పరదా పాటించే స్త్రీ కోర్టుకు రానక్కర్లేదు కాబట్టి, ఆమె నోటి నుంచి ముందుగా ఏదైనా రాబట్టాలంటే పాతబస్తీలో మాకు ఇదే మార్గం.

ఇరువైపులా ప్రశ్నలు వెళ్లాయి. మేము బేగం గారిని, వాది కుటుంబానికి మీరెప్పుడైనా అనుమతి ఇచ్చారా అని అడిగాం. వాళ్లు ఎల్లయ్యను, వాకిలి దాటే ముందు ప్రతివాది అనుమతి అడిగేవారా అని అడిగారు.

ఎల్లయ్య చెప్పిన జవాబు రాసుకొని సీనియర్ గారి ముందు పెట్టాను. ప్రతిసారీ అడిగేవాళ్లం, లోపలి నుంచి జవాబు వస్తేనే దాటేవాళ్లం అని ఉంది అందులో. ఆయన కళ్లద్దాలు తీసి నన్ను చూశారు.

"గిదేంది? నువ్వు మన దిక్కా, వాళ్ల దిక్కా?"

నేనేం చేయను, మనిషి చెప్పిందే రాశాను. ఎల్లయ్యను పిలిపించి ఆయన నయానా భయానా చెప్పారు. ఈ ఒక్క మాటతో దావా మునుగుతుందన్నారు. ఎల్లయ్య చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"లోపల ఆడోళ్లు ఉంటరు సార్. పిలువకుంట ఎట్ల పోతం? అడగలేదని రాస్తె రేపు బేగం సాబ్‌కు మొఖమెట్ల సూపియ్యాలె?"

అతని మీద నాకు కోపం వచ్చింది. తల్లి ఇంట్లో మగ్గిపోతుంటే ఈ మర్యాదలేమిటనిపించింది. ప్రమాణం చేయవలసినవాడు అతను కనక జవాబు అలాగే దాఖలైంది.

తర్వాత బేగం గారి జవాబులు వచ్చాయి. ప్రమాణం చేయించే అధికారి ఇంటికి వెళ్లి, తెర ఇవతల కూర్చొని ప్రశ్నలు ఉర్దూలో చదివి వినిపించి రాసుకొచ్చినవి. అనుమతి నేనెన్నడూ ఇవ్వలేదు, వాళ్ల దారికి అనుమతి ఇవ్వడానికి నేనెవరిని, మా అత్తగారు కాపురానికి వచ్చేనాటికే వాళ్లు నడిచేవారట అని ఉంది. నేను రెండుసార్లు చదివాను. ఇది మేము కలలో కూడా కోరని జవాబు. మావాడు అనుమతి అడిగానంటాడు, ఆమె ఇవ్వలేదంటుంది. అడిగింది ఎవరిని, ఇవ్వనిది ఏది? నాకు బుర్ర తిరిగిపోయింది.

బుర్ర తిరిగింది నాకొక్కడికే కాదు. జడ్జి గారు రెండు అఫిడవిట్లూ పక్కపక్కన పెట్టుకొని చూసి, ఇవి ఒకరివి ఒకరి ఫైల్లో కలిశాయేమో చూడమని బెంచి క్లర్కును అడిగారు. అతను సంతకాలు సరిపోల్చి, లేదండీ అన్నాడు. జవాబు మార్చి ఇంకో అఫిడవిట్ ఇమ్మని సలీం అత్తను బతిమాలాడని, హల్ఫ్ మీద, అంటే ప్రమాణం చేసి, చెప్పిన మాట మార్చనని ఆమె ససేమిరా అందని వాళ్ల వకీలే కేంటీన్‌లో మాతో చెప్పుకొని వాపోయాడు.

విచారణలో వాళ్లు ఎల్లయ్య జవాబు చదివి దావా కొట్టేయమన్నారు. మేము బేగం గారి జవాబు చదివి డిక్రీ ఇమ్మన్నాం. చివరికి జడ్జి గారే బోనులో ఉన్న ఎల్లయ్యను అడిగారు, జవాబు రాకపోతే ఏం చేస్తావని.

"నిలబడ్త సార్."

"వద్దంటే?"

ఎల్లయ్యకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "వద్దని ఎందుకంటరు సార్? మా తొవ్వ గద!"

తొవ్వ అంటే దారి. ఆ మాటను జడ్జి గారు ఉన్నదున్నట్టు రాసుకున్నారు. పిలవడం ఆడవాళ్లు చాటుకు తప్పుకోవడానికే గానీ అనుమతి కోసం కాదని తీర్పు చెప్పి, దారి హక్కు వాదికి ఇచ్చారు.

డిక్రీ అమలు రోజున కోర్టు అమీన్‌తో నేనూ వెళ్లాను. అమీన్ అంటే డిక్రీలు అమలు జరిపే ఉద్యోగి. అతను తాళం తీయించి తలుపు తెరిచాడు. ఎల్లయ్య తల్లిని భుజం పట్టి తీసుకొచ్చి గడప అవతల ఆగాడు. ఎప్పటిలాగే పిలిచాడు. జవాబు లేదు. మళ్లీ పిలిచాడు. ఇక ఎవరినీ అడగనక్కర్లేదు, నడవమన్నాడు అమీన్. తల్లీకొడుకులు కదల్లేదు. కాసేపటికి తెర వెనక నుంచి బేగం గారి గొంతు వినిపించింది.

"కోర్ట్ దే దియా నా! అబ్ మేరేకు కైకు పూఛ్తే?"

కోర్టే ఇచ్చాక ఇక నన్నెందుకు అడుగుతారు అని. ఆ గొంతులోని నొప్పి ఉర్దూ రాని నాకు కూడా తెలిసింది. జవాబు బాలమ్మ చెప్పింది.

"కోర్టు తొవ్వ ఇచ్చింది బేగం సాబ్. ఇల్లు నీదే గద. నువ్వు పలుకకుంటె నేనెట్ల రావాలె?"

తర్వాత "ఆజావ్, బాలమ్మా" అని వినిపించింది. బాలమ్మ గడప దాటి, కొడుకు భుజం మీద చేయి వేసి, మెల్లగా వాకిలి గుండా వీధిలోకి నడిచింది.

అమీన్ రిపోర్టు కాగితం తీసి నన్నడిగాడు. "ఏం రాయాలె వకీల్ సాబ్? డిక్రీ మీద పోయిండ్రా, ఆమె రమ్మంటె పోయిండ్రా?"

డిక్రీ అమలైందని రాయమన్నాను. అది అబద్ధం కాదు.

ఈ దావాతో నాకు తెలిసిందల్లా, ఒకే విషయం మీద ప్రమాణం చేసి చెప్పిన రెండు జవాబులు ఒకదానికొకటి అడ్డం వచ్చినా రెండూ నిజం కావచ్చునని. హక్కా, అనుమతా అని చట్టం అడిగినప్పుడు జడ్జి ఏదో ఒకటి రాయక తప్పదు. ఆయన హక్కని రాశారు. బాలమ్మ మాత్రం రమ్మన్నాకే గడప దాటింది.