బొమ్మ వెనక మాట

ఏ ఫొటోకైనా అందులో ఏముందో చెప్పే వెనక మాట రాసేముందు నాగశ్రీ కాసేపు కళ్లు మూసుకుంటుంది. బనగానపల్లెకు ఇంటర్నెట్టు కొత్తగా వచ్చిన ఆ వేసవిలో, మామిడి మండీ రామకోటయ్యకు వెబ్‌సైటు తయారుచేస్తోంది. "కంటికి కనపడని రాతలెందుకమ్మా? సీజను అయిపోతాండాది!" అని ఆయన విసుక్కున్నాడు. "చూపు లేనోళ్లకు ఆ రాతనే కంప్యూటరు సదివి చెప్తాది శెట్టిగారూ. అన్నిటికీ రాసేదాకా నేను ఈడ్నించి లేయను" అంటూ ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. మొదటి పేజీ ఫొటోకు, 'గంపలో బంగారు రంగు పండ్లు, పైదానికి తొడిమ దగ్గర ఆకుపచ్చ' అని రాసి, పక్కనే కూర్చున్న చూపులేని అన్న కళ్యాణ్‌కు వినిపించింది. అతను నవ్వాడు. "తొడిమ కాడ పచ్చగుంటే ఇంగా మాగలేదు. కాయను చూపిచ్చి పండంటాండారే శెట్టిగారూ!" రామకోటయ్య కళ్లద్దాలు తుడుచుకుని, తను తీసిన ఫొటో మీదికే వంగాడు. నాగశ్రీ అప్పటికే తర్వాతి ఫొటో కోసం కళ్లు మూసుకుంది.