కామేశ్వరమ్మగారి తంతి ఆఫీసు

మొన్న కోకాపేటలో, మా పద్దెనిమిదో అంతస్తు వంటింట్లో, మనవడు బడి పనికోసం మైదాపిండి ఉడికించాడు. ఆ బంక వాసనకి కామేశ్వరమ్మగారు గుర్తొచ్చారు. డెబ్బైల మొదట్లో బాలానగర్ దగ్గర ఒక చిన్న తంతి ఆఫీసు ఆవిడ చేతిమీద నడిచేది. రాజమండ్రి వైపు మనిషి. టెలిగ్రాం కవర్లు అలాంటి బంకతోనే అంటించేవారు. వాటిని చుట్టుపక్కల ఊళ్ళకి చేరవేసేది మా నాన్న.

ఒక వేసవిలో నాన్న కాలు విరిగింది. ఆయన బదులు నేను పోతానన్నాను. నాకప్పుడు పన్నెండేళ్ళు. సైకిలు సీటు అందదు. బారు కిందనుంచి కాలు దూర్చి తొక్కేదాన్ని. కామేశ్వరమ్మగారు చాలాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు.

"వెళ్ళగానే మంచినీళ్ళడుగమ్మా. చావు కబురు తెచ్చినవాళ్ళు నీళ్ళడగరు. జనానికి సగం భయం అక్కడే తీరిపోద్ది" అన్నారు. ఇంగ్లీషులో ఉన్న సంగతిని తెలుగులో నాచేత వల్లె వేయించి, వాళ్ళు అడిగితేనే చెప్పమనేవారు.

ఒక మధ్యాహ్నం టెలిగ్రాం పట్టుకుని నిజాంపేటలో లచ్చవ్వ ఇంటికి వెళ్ళాను. నన్ను చూడగానే ఆమె గుండెలు బాదుకుంది. "తార్ అచ్చిందే! ఎవరు పోయిండ్రో!" వాడకట్టంతా పోగై ఏడుపు అందుకుంది. కవరు ఎవరూ ముట్టరు.

"అవ్వా, దూపయితున్నది. జర నీళ్ళియ్యవా?" అని అరిచాను.

ఏడుపు ఆగిపోయింది. లచ్చవ్వ చెంబు తెచ్చింది. "ఏందే పిల్లా, ఏమున్నది దాంట్ల?"

"నీ మనుమరాలు బాలమణికి నర్సు ట్రైనింగుల సీటొచ్చింది. రేపు పొద్దుగాల వరంగల్ దవాఖానల ఉండాలె. లేకుంటే సీటు పోతది."

బాలమణి చేతిలో చేట కింద పడేసింది. అరగంటలో ఆమె ట్రంకుపెట్టె నా సైకిలు వెనక కట్టాం. నేను తొక్కుతుంటే ఆమె చెప్పులు చేతబట్టుకుని, నవ్వుతూ, బాలానగర్ దాకా వెంట పరుగెత్తింది. కదలబోతున్న బస్సుని కేకలేసి ఆపాం. బస్సు వెళ్ళిపోయాక కూడా నేను రోడ్డు మీద గంతులేస్తూనే ఉన్నాను.

నెల రోజులు తిరిగాను. పెళ్ళిళ్ళు, పురుళ్ళు, ఉద్యోగాలు. అన్నీ మంచి కబుర్లే! నాది అదృష్టపు చెయ్యి అని గొప్పలు పోయేదాన్ని. నాన్న నవ్వేవాడు. అసలు సంగతి నేను పెద్దయ్యాక చెప్పాడు:

"చెడ్డయి కామేశ్వరమ్మ నీకిచ్చేది కాదు బిడ్డా. ఆఫీసుకు తాళమేసి, ఎండల నడుచుకుంట ఆ అమ్మే పోయేది. ఆళ్ళ తాన కూసొని, ఏడ్సేటోళ్ళ చెయ్యి పట్టుకొని, అటెన్క వచ్చేది."

నేను ముప్పై ఏళ్ళు బడి నడిపాను. ఎవరికైనా మొదటి ర్యాంకు వచ్చిందని ఇంట్లో చెప్పడానికి పిల్లలనే పరుగెత్తించేదాన్ని, వాళ్ళకది పండగ. ఎవరైనా పరీక్ష తప్పితే మాత్రం ఆ కబురు ఎవరిచేతా పంపలేదు. నేనే వాళ్ళింటికి వెళ్ళి, ఆ బిడ్డ పక్కన కూర్చుని చెప్పాను.