తొడిమల షెడ్డులో టీచరమ్మ వ్యాసాలు

పోయిన మంగళవారం పొద్దున నేను గుంటూరు యార్డులో ఉన్నాను. బస్తాలో చెయ్యి పెట్టి మిరపకాయ రంగు చూస్తుంటే మరియమ్మ ఫోన్ చేసింది. మరియమ్మ అంటే మా షెడ్డులో తొడిమలు తీసే ఆడవాళ్లకి పెద్ద.

"బాబూ, షెడ్డు మూసేశాం. టీచరమ్మ గారు తెల్లారుజామున పోయారు."

మూసేయమంటారా అని నన్ను అడగలేదు. అడిగి ఉంటే నాకే తప్పనిపించేది. కాయ అక్కడే వదిలేసి బండెక్కాను. పెదకాకాని దాటి మా ఊరి మలుపు తిరిగేదాకా ఒకటే ఆలోచన. ఇంతమంది పిల్లలకి చదువు చెప్పిన మనిషి పోతే ముందు మూతపడింది బడి కాదు, నా మిర్చి షెడ్డు. ఈ సంగతి ఆవిడకి తెలిస్తే ఎంత నవ్వేవారో!

నేను చిన్న వ్యాపారిని. రైతుల దగ్గర ఎండుమిర్చి కొని, తొడిమలు తీయించి, రంగు పోయిన తాలుకాయలు ఏరించి, కారం మిల్లులకి పంపుతాను. టీచరమ్మ గారిది మా పక్కిల్లే. మధ్యలో ఒక్క గోడ. మిషన్ స్కూల్లో సైన్సు టీచరు. ఆరో తరగతి నుంచి నాకూ చెప్పారు. రిటైరయ్యాక సైన్సు వ్యాసాలు రాయడం మొదలుపెట్టారు. పురుగులు, పిట్టలు, మట్టి, వాన, ఏది కనబడితే దాని మీద. తెల్లకాగితాల మీద గుండ్రటి అక్షరాలతో రాసి, పిన్ను కొట్టి, ఒక పత్రికకి పంపేవారు.

మూడేళ్ల కిందట అవన్నీ ఒకేసారి తిరిగొచ్చాయి. పైన చీటీ. బాగా రాశారు కానీ, సామాన్యులు ఇలాంటివి చదవరండీ, అని. ఎవరో మర్యాదస్తుడే రాశాడు. ఆవిడ ఆ చీటీ పట్టుకుని గోడ అవతల నుంచి నన్ను పిలిచారు.

"ఒరేయ్ నాయనా, ఈ సామాన్యులు ఎక్కడుంటార్రా?"

"మన చుట్టూ ఉండేది వాళ్లేగా టీచర్."

"నీ షెడ్డులో ఎంతమంది ఉంటారు?"

"ఒక్కోరోజు పదిహేను మంది దాకా."

"అయితే రేపటి నుంచి నేనొచ్చి చదువుతాను. నిజంగా వాళ్లకి అక్కర్లేదని తేలితే ఇక రాయను. కాగితాలు దండగ."

నాకు బెంగ పట్టుకుంది. ఆవిడ రాయడం మానేస్తారని కాదు, నిజం చెప్పొద్దూ, నా పని ఆగిపోతుందని. ఆ మాటే అన్నాను.

"నోరు నాది, చేతులు వాళ్లవి. ఒకటి ఆడితే రెండోది ఆగాలని ఎక్కడుంది? నువ్వు ఆరో తరగతిలో నేను పాఠం చెప్తుంటే రేగిపళ్లు తినలా?" అన్నారు. మర్నాడు షెడ్డులో కుర్చీ వేయించాను.

మొదటి రోజు నక్షత్రాల మీద చదివారు. కాంతి ఎంత వేగంగా వస్తుందీ, మనదాకా రావడానికి ఎన్నేళ్లు పడుతుందీ. భాష బాగుంది. వినేవాళ్లే నీరసపడిపోయారు. ఇద్దరు ఆవలించారు. అయిపోయాక మరియమ్మ మెల్లగా అంది.

"టీచరమ్మా, కోప్పడనంటే ఒక మాట. మీరు మాకు చెప్తున్నారా, మీకు మీరు చెప్పుకుంటున్నారా?"

నాకు భయమేసింది. ఆవిడ కళ్లజోడు తీసి, తుడుచుకుని, "నాకే చెప్పుకుంటున్నానే. ముప్పయ్యేళ్లు అలవాటైపోయింది" అని పకపకా నవ్వారు.

తర్వాతి వారం మిరపకాయ మీద రాసి తెచ్చారు. కారం అసలు ఎందుకుంది అని. జంతువు కొరికితే మంట, పిట్ట కొరికితే ఏమీ కాదు. జంతువు గింజని నమిలేస్తుంది. పిట్ట గింజని నమలకుండా మింగి ఎక్కడో దూరాన రెట్టేసి మొలిపిస్తుంది. అందుకని మొక్క ఎవరిని రానివ్వాలో, ఎవరిని తరమాలో కారంతో తేల్చుకుంది. ఇది చదువుతుంటే చేతులు ఆగాయి. నేను దగ్గాను. ఎవరూ నా వైపు చూడలేదు.

"అందుకా! చిలకలు మా చేలో పడి పండుకాయ తింటంటే, వీటికి నోరు మండదా అని మా అత్త తిట్టేది" అంది తొడిమలు తీస్తున్న సువార్తమ్మ.

ఆ వ్యాసంలోనే ఒకచోట కారమంతా గింజలో ఉంటుంది అని రాశారు. మరియమ్మ తొడిమ తుంచుతూ తల అడ్డంగా ఊపింది.

"గింజలో కాదండీ. పచ్చట్లోకి గింజలన్నీ దులిపేసినా కారం తగ్గదు. గింజ అంటుకునే తెల్లటి ఈనె ఉండిద్ది చూడండి, అది తీస్తేనే తగ్గిద్ది."

"నిజమా?"

"మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారండీ?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. షెడ్డంతా నవ్వు.

టీచరమ్మ గారు అప్పటికప్పుడు పచ్చిమిరపకాయ తెప్పించారు. చీల్చారు. ఒక గింజని పైటచెంగుతో శుభ్రంగా తుడిచి నమిలారు. ఏమంత లేదన్నారు. తర్వాత తెల్లటి ఈనె గోటితో గీకి నాలుక మీద వేసుకున్నారు. ముక్కు ఎర్రబడింది, కళ్లల్లో నీళ్లు, మాట లేదు. మా ఆవిడ పెరుగు గిన్నె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. రెండు చెంచాలు మింగి, "ఇన్నేళ్లు పిల్లలకి తప్పు చెప్పానే మరియమ్మా!" అన్నారు. ఆ మాట అంటూ సంతోషంగా ఉన్నారు. పాత వాక్యం కొట్టేసి, ఈ సంగతి నాకు తొడిమలు తీసే ఒక పెద్దావిడ చెప్పింది, అని రాసుకున్నారు. పెరుగుతో మంట తగ్గి నీళ్లతో తగ్గకపోవడం ఎందుకో తర్వాతి వారం వ్యాసం అయింది.

నాతో అనేవారు, "తెలియని సంగతి చెప్తే తల ఊపుతార్రా. రోజూ చేత్తో పట్టుకునే వస్తువులో తెలియని ముక్క చూపిస్తే కళ్లు పెద్దవవుతాయి. పాఠానికీ దీనికీ తేడా ఒకటే. దీనికి పరీక్ష లేదు. అందుకే ఇష్టంగా వింటారు."

అయినా ఆవిడకి లోపల ఒక ముల్లు ఉండిపోయింది. ఒకరోజు గోడ దగ్గర చెప్పారు.

"వీళ్లు సంగతి కోసం వింటున్నారో, పాపం ముసల్ది కదా అని నా కోసం వింటున్నారో తెలియట్లేదురా. వీళ్లలో సగం మంది పిల్లలు నా దగ్గర చదివినవాళ్లే. మొహమాటంతో వింటే ఆ పత్రికాయన మాటే నిజం."

"మొహమాటమేంటి టీచర్, మరియమ్మకి మొహమాటమా?" అన్నాను. ఆవిడ నవ్వలేదు.

ఆ వారం పత్తికాయని తొలిచే గులాబీ పురుగు మీద చదివారు. మా దగ్గర ఆ పురుగు పేరు చెబితే రైతు కళ్లు నిప్పులు కురుస్తాయి. పంట చివర్లో ఈ పురుగు రెండు పత్తి గింజల్ని దారంతో కలిపి కుట్టుకుని, లోపల ముడుచుకుని పడుకుంటుందట. తిండి లేదు, కదలిక లేదు. నెలలు నెలలు అలాగే. "చచ్చిందో నిద్రపోతోందో చూసి చెప్పలేం. మరి అది లేస్తుందా? లేస్తే దానికి వేళ అయిందని ఎవరు చెప్తారు?" అక్కడిదాకా చదివి కాగితాలు మడిచేశారు. పొదిలిలో కూతురి దగ్గరికి పది రోజులు వెళ్తున్నానని చెప్పి, మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపోయారు.

రెండు రోజులు ఎవరూ ఏమీ అనలేదు. సరే, అయిపోయిందనుకున్నాను. మూడో రోజు సువార్తమ్మ ఇంట్లో మిగిలిన పత్తి వెతికి, అంటుకుపోయిన జోడు గింజలు అగ్గిపెట్టెలో పెట్టుకొచ్చింది. పిన్నీసుతో విప్పారు. ఒకదాంట్లో నిజంగానే పురుగు, గులాబీ రంగులో, ముడుచుకుని. ఇంక చూస్కోండి గోల.

"చచ్చిందే, చూడు."

"సావలా. ఇందాక కదిలింది."

"నీ ఊపిరికి కదిలిందిలే, అంత దగ్గరికెళ్తే!"

"బాబూ, మీరు చెప్పండి."

నాకేం తెలుసు? మిరపకాయ రంగు అడిగితే చెప్తాను. పది నిమిషాలు, పావుగంట, ఒక్కరూ తొడిమ తుంచలేదు. చివరికి ఫోన్ చేయమని నా మీద పడ్డారు. స్పీకర్ పెట్టాను. అవతల హలో అనడం ఆలస్యం, నలుగురూ ఒకేసారి అరిచారు.

"ఏమండీ, అది లేచిద్దా లేవదా?"

అవతల నుంచి చిన్నగా, "రేపు పొద్దున బస్సుకొస్తున్నా" అన్నారు. పెట్టేశారు.

వచ్చారు. సంచీ ఇంట్లో కూడా పెట్టకుండా నేరుగా షెడ్డుకే. లేస్తుందనీ, ఎండాకాలం గడిచి తేమ తగిలి, కొత్త పంట వేళకి రెక్కలతో బయటకొస్తుందనీ చదివారు. జోడు గింజలున్న పత్తి ఇంట్లో ఉంచుకోకుండా కాల్చేయమన్నారు. అంతా అయ్యాక నన్ను పక్కకి లాగి, చిన్నపిల్లలా చెయ్యి పట్టుకుని ఊపేశారు.

"చూశావుట్రా! ఒక్కరంటే ఒక్కరు, టీచరమ్మా బాగున్నారా, కూతురు బాగుందా అని అడిగారా? లేదు! పురుగు సంగతే అడిగారు!"

తనని పలకరించనందుకు అంత సంబరపడిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆ పత్రికాయన మీద కూడా కోపం పెట్టుకోలేదు. "పాపం, ఆయనకి వినేవాళ్ల మొహాలు కనపడవుగా" అనేవారు. తర్వాత ఒక మాసపత్రిక వాళ్లు ఆవిడ వ్యాసాలు వేశారు. అచ్చులో చూసుకుని మురిశారు గానీ, షెడ్డులో చదవని వ్యాసం ఒక్కటీ పంపలేదు. పోవడానికి ముందు వారం కూడా వచ్చారు. గొంతు తగ్గింది, అంతే. నిద్రలోనే పోయారని, పొదిలి నుంచి వచ్చి ఉన్న కూతురు చెప్పింది. ఎక్కువ బాధపడలేదు, దేవుడి దయ.

బుధవారం సాయంత్రం ఊరి బయట సమాధుల తోటలో మట్టి ఇచ్చాం. మాది నల్లరేగడి, గొయ్యి లోతుగా తీశారు. పాస్టరు గారు ప్రార్థన చేస్తున్నారు. మరియమ్మ కళ్లు తుడుచుకుంటూనే ఉంది. పక్కన సువార్తమ్మ గొయ్యి అంచుకి వంగి లోపలికి చూస్తోంది. పైనంతా నలుపు, కిందికి పోయేకొద్దీ గోధుమరంగు, అడుగున గోళీకాయల్లాంటి తెల్లటి గడ్డలు.

"అక్కా, ఇంత నల్లమట్టిలోకి ఆ తెల్లటియ్యి ఎట్టా వచ్చినయ్?"

"నోర్మూసుకోవే. ప్రార్థన."

తలా పిడికెడు మట్టి వేశాం. పూలు పెట్టాం. అందరూ కదిలారు. నేను బండి మీద మెల్లగా వస్తుంటే ముందు మా షెడ్డు ఆడవాళ్లు నడుస్తున్నారు. కాలవ తూము దగ్గర ఆగారు. మరియమ్మ పిడికిలి విప్పింది. అందులో తెల్లటి గడ్డ. తవ్విపోసిన మట్టిలోంచి ఎప్పుడు తీసిందో! దాన్ని తూము గోడ మీద పెట్టి, ఒక రాయి తీసుకుని టక్కున కొట్టింది. పగిలింది. తలలన్నీ దాని మీదకి వంగాయి. నేనూ బండి స్టాండు వేసి దిగాను.