ఎండకు బయటికి రావద్దని ఊరందరికీ చెప్పి, ఖాజా అన్నను ఎండలోకే పంపారు

నిన్న సాయంత్రం ఫోన్ మోగేసరికి కడపలో ఇంట్లో బట్టలు మడతపెడుతున్నాను.

"ఖాజా అన్న పోయినాడు" అన్నాడు శేఖర్. మా తోటి ఆపరేటర్.

"ఏ సైటుకు?" అని అడిగాను.

నిజంగానే అడిగాను. అవతల శేఖర్ వెక్కివెక్కి ఏడుస్తుంటే గానీ నాకు అర్థం కాలేదు.

నా ఏడుపు కూడా అయిపోయింది. ఇప్పుడు కోపంతో రాస్తున్నాను.

తెలియని వాళ్ళ కోసం చెప్తాను. బడుల వెనక, పొలాల పక్కన కంచె వేసి, ఒక ఇనుప స్తంభానికి మిషన్లు బిగించి ఉంటాయి చూడండి. ఎండ, గాలి, వాన కొలిచే మిషన్లు. వాటిని శుభ్రం చేసేది, సిగ్నల్ పోతే సరిచేసేది మేమే. ఫీల్డ్ ఆపరేటర్లం.

ఆ పని నాకు నేర్పింది ఖాజా అన్న.

నేను చేరిన కొత్తలో ఆఫీసులో అందరిదీ ఒకటే డౌట్. మగ్గాలోళ్ళ పిల్ల, స్కూటీ మీద ఒక్కతే ఊర్లు తిరుగుతుందా, స్తంభం ఎక్కుతుందా అని.

అన్న ఒక్క ప్రశ్న వేశాడు.

"ఏం పాపా, కుక్కలంటే భయమా?"

"లేదన్నా."

"నాకు శానా భయం. ఐతే నువ్వు ముందు నడువు."

ట్రైనింగ్ అంటే మిషన్ చూపిస్తాడనుకున్నాను. ఇల్లు చూపించాడు. ఏ ఊరికి పోయినా అంతే. ముందు సైటుకు దగ్గర్లో ఉన్న ఒక ఇంటికి తీసుకుపోయి, ఆ ఇంటి ఆడవాళ్ళకు నన్ను పరిచయం చేసేవాడు. "ఈ పాప ఇంక మీ ఊరికి వస్తా ఉంటాది. మీ ఇంటిబిడ్డ అనుకోండమ్మా."

బయటికి వచ్చాక నాకు మెల్లగా చెప్పేవాడు. "ఆడపిల్లవి. బాత్రూంకు పోవల్లన్నా, కాసేపు కూచోవల్లన్నా ఊరికొక ఇల్లు ఉండల్ల. మిషన్ యాడికీ పోదులే, తర్వాత చూస్తాం."

ఈ మాట ఏ ట్రైనింగ్ పుస్తకంలోనూ లేదు. ఏ ఆఫీసరూ నన్ను అడగలేదు.

పత్తికొండ దగ్గర ఒక ఊర్లో జనం మమ్మల్ని చుట్టుముట్టిన రోజు కూడా గుర్తుంది.

"ఈ మిషన్ వచ్చినంక మా ఊర్లో వాన్లే లేవు. మోడాలను తరుముతాండాది ఇది. పీకేయండప్పా!" అని ఒక అవ్వ కేకలు. వెనక ఇంకో ఇరవై మంది.

అన్న గొడవ పడలేదు. టెస్ట్ చేస్తున్నామని ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పి, ఆ అవ్వ చేతికే నీళ్ళ చెంబు ఇచ్చాడు.

"పొయ్యి అవ్వా. మెల్లగా."

వాన కొలిచే డబ్బాలో చిన్న గిన్నె ఉంటుంది. నిండగానే ఒరిగిపోయి నీళ్ళు వదిలేస్తుంది.

టక్. టక్.

"ఇన్నావా? ఇది వానను తరిమేది కాదు, లెక్కేసేది. రేపు వాన పడక మీ శెనక్కాయ ఎండిపోతే, మా ఊర్లో పడలేదని సాక్ష్యం చెప్పేది ఇదే."

అవ్వ కాసేపు డబ్బా వైపు చూసి, "ఐతే నిజమే చెప్పమను దీన్ని" అంది.

అందరూ నవ్వారు. మాకు మజ్జిగ కూడా ఇచ్చారు.

అలాంటి మనిషి.

ఇక నిన్నటి సంగతి.

నిన్న పొద్దున అందరి ఫోన్లకూ మెసేజ్ వచ్చింది. ఎండ తీవ్రంగా ఉంటుంది, మధ్యాహ్నం బయటికి రావద్దు అని. మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. అది మా మిషన్లు పంపే లెక్కలతో తయారయ్యే హెచ్చరిక.

మధ్యాహ్నం ఆ లెక్కలు తీసుకునే మా ఆఫీసు నుంచే అన్నకు సూపర్‌వైజర్ ఫోన్. పత్తికొండ వైపు ఒక సైటు సిగ్నల్ ఆగిపోయిందని. అన్న పక్కనే ఉన్న శేఖర్ మొత్తం విన్నాడు.

"సార్, ఎండ దిగినంక పోతా. పొద్దున్నించి తల తిరుగుతాండాది."

"డేటా గ్యాప్ వస్తే పైవాళ్ళకు నేనేం చెప్పాలి? పోయి రా ఖాజా."

పోయాడు.

కంచె పక్కన పడి ఉంటే మేకలు కాసుకునే ఒకాయన చూసి ఆటోలో వేసుకుని వచ్చాడు. ఆస్పత్రికి చేరకముందే ప్రాణం పోయింది.

అప్పుడు మా ఆపరేటర్ల వాట్సాప్ గ్రూపులో సూపర్‌వైజర్ మెసేజ్ పెట్టాడు. ఖాజాకు ముందే ఆరోగ్య సమస్యలున్నాయట. ఆపరేటర్లందరూ తగినన్ని నీళ్ళు వెంట పెట్టుకోవాలట. కింద చేతులు జోడించిన బొమ్మ.

నీళ్ళా సార్?

ఆయన బండికి నీళ్ళ క్యాన్ తగిలించే ఉంది. సగం నీళ్ళు అలాగే ఉన్నాయి.

ఆరోగ్యం బాగాలేదని మీకు ముందే తెలిస్తే, తల తిరుగుతోందన్న మనిషిని ఆ ఎండలోకి ఎట్లా పంపారు?

ఈ రోజు ఆత్మకూరులో, వాళ్ళ సొంతూర్లో, ఖననం. మగవాళ్ళు జనాజా ఎత్తుకుని వెళ్ళాక నేను అన్న భార్య నూర్జహాన్ వదిన పక్కన కూర్చున్నాను. వదిన ఏడవడం లేదు. గోడ వైపు చూస్తూ అంది:

"ఆ మెసేజ్ నా ఫోన్‌కు గూడా వచ్చిండె. నేనే చదివి ఇనిపిస్తి. నగినాడు. 'ఇది పంపేది మేమేలే, నాకు చెప్తావా' అనె."

వదిన చేయి పట్టుకుని కూర్చున్నాను.

అప్పుడే నా ఫోన్ మోగింది. సూపర్‌వైజర్. ఆ సైటు సిగ్నల్ ఇంకా రాలేదంట. ఎట్లాగూ బయటే ఉన్నావు కదా, కాస్త చుట్టైనా వెళ్ళేటప్పుడు ఒకసారి చూసి పొమ్మన్నాడు.

టైం సరిగ్గా మిట్టమధ్యాహ్నం.

"పోను సార్. ఎండ దిగినంక పోతా. అంతవరకు మీ గ్యాప్ అట్లే ఉండనీ."

అదే మాట గ్రూపులో కూడా పెట్టాను. కింద శేఖర్ పెట్టాడు, "నేనూ పోను." తర్వాత ఆదోని వాళ్ళు. తర్వాత జమ్మలమడుగు వాళ్ళు. ఎప్పుడూ నోరు తెరవని వాళ్ళు కూడా.

ఈ మాట నిన్ననే అందరం అని ఉంటే బాగుండేది.

ఈ పోస్ట్ తీసేయమని ఫోన్లు వస్తాయని తెలుసు. తీయను.

ఖాజా అన్నా, ఇంక ఎవరూ నిన్ను ఫోన్ చేసి లేపరు. అల్లా నీకు చల్లని చోటు ఇవ్వాల. నెమ్మదిగా నిద్రపో అన్నా.