రెండోసారి ఉప్పు

నా చిన్నప్పుడు మేము వడియాలు క్రిస్మస్ సెలవుల్లో పెట్టుకునేవాళ్ళం. ఈ మాట చెబితే ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు నవ్వుతారు. ఏం చేస్తాం, న్యూజీలాండ్‌లో ఎండలు మొదలయ్యేది డిసెంబరులోనే. బడికి పెద్ద సెలవులు కూడా అప్పుడే. మేము హామిల్టన్‌లో ఉండేవాళ్ళం. సెలవులు ఇవ్వగానే అమ్మ నన్నూ, బట్టల సంచుల్నీ కారులో వేసుకుని ఆక్లాండ్‌లో మౌంట్ ఆల్బర్ట్‌కి, మా మామయ్య ఇంటికి బయల్దేరేది. నాన్న పండగ నాటికి వచ్చి కలిసేవాడు. మామయ్య ఇంటి వెనకాల చిన్న ఫ్లాట్ ఒకటి ఉండేది. అందులో మా అమ్మమ్మ, తాతయ్య ఉండేవాళ్ళు. కొడుకు ఇంటికి పది అడుగుల దూరమే అయినా అమ్మమ్మ పొయ్యి అమ్మమ్మదే. ఆ ఒక్క విషయంలో ఆవిడ ఎవరి మాటా వినేది కాదు.

వడియాలు ఎండబెట్టేది ట్రాంపొలీన్ మీద. మామయ్య తన పిల్లలిద్దరూ ఎక్కి గెంతడానికి ఎవరి దగ్గరో పాతది తెచ్చాడు. పైన ఎండ, కింద నుంచి గాలి, పిల్లులకు అందని ఎత్తు. దాన్ని చూసిన రోజే అమ్మమ్మ, ఇది వడియాల కోసం చేసిన మంచమే అని తేల్చేసింది. తాతయ్య పాత పంచె ఒకటి తడిపి దాని మీద పరిచి, ఉడికించిన సగ్గుబియ్యాన్ని గరిటెతో వరసలుగా పెట్టేది. మూడు రోజుల పాటు పిల్లలెవరూ ఎక్కడానికి వీల్లేదు. చిన్నవాళ్ళిద్దరూ దాని చుట్టూ ఏడుస్తూ తిరిగేవాళ్ళు. నేను మాత్రం కాపలా ఉద్యోగం దర్జాగా చేసేదాన్ని. గోరింకల్ని తోలడం, మబ్బు కమ్మితే కేక వెయ్యడం నా పని. ఆక్లాండ్ వానకి వేళాపాళా లేదు కనక అది అంత తేలిక ఉద్యోగం కాదు.

నేను చెప్పబోయే సెలవులకి నాకు పదకొండేళ్ళు. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయి ఉంటుంది. ఆ ఏడు బడి మూసే ముందు మా టీచరు నాకో చిన్న నోటుపుస్తకం బహుమతిగా ఇచ్చింది. మొదటి పేజీలో, అన్నీ బాగా గమనించే పిల్లకి అని రాసింది. ఆ మాట నా తలకెక్కింది. గమనించడానికే పుట్టాననుకున్నాను. ఎవర్ని గమనించాలా అని చూస్తుంటే అమ్మమ్మ దొరికింది.

రోజూ చూసేవాళ్ళకి కనపడనివి ఏడాదికోసారి చూసేవాళ్ళకి కనపడతాయి. అంతకు ముందు ఏడాది మా కారు గేటులోకి తిరగగానే చెప్పులు కూడా తొడుక్కోకుండా ఎదురొచ్చిన మనిషి, ఈసారి గుమ్మం దగ్గరే గోడ పట్టుకుని నిలబడింది. ఉన్నవి రెండు మెట్లే. నన్ను అమ్మ పేరుతో పిలిచి, తర్వాత అత్తయ్య పేరుతో పిలిచి, చివరికి నా పేరు దగ్గరికి వచ్చింది. ఏ క్లాసులోకి వెళ్తున్నావే అని పొద్దున అడిగింది, భోజనాల దగ్గర అడిగింది, తల దువ్వుతూ మళ్ళీ అడిగింది. విజయవాడలో ఉన్న చెల్లెలితో అరగంట ఫోనులో మాట్లాడి పెట్టేసి, కాసేపటికి ఇవాళ చెల్లికి ఫోన్ చెయ్యాలే అంది. ఒకరోజు ఖాళీ గిన్నె కింద పొయ్యి ఎర్రగా కాలుతుంటే తను పెరట్లో బట్టలు ఆరేస్తోంది. తాతయ్యే లేచి వెళ్ళి ఆపేశాడు.

ఇవన్నీ నా పుస్తకంలో ఎక్కాయి. రోజు, టైము వేసి మరీ, ఇంగ్లీషులో రాశాను. నిజం చెప్పాలంటే రాస్తున్నప్పుడు నాకేం బాధ కలగలేదు. కొత్తది దొరికినప్పుడల్లా సంతోషమే కలిగింది.

క్రిస్మస్ అయిన రెండో రోజు వడియాల ముహూర్తం. అమ్మమ్మ పొద్దున్నే తలస్నానం చేసి పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టింది. నేను పక్కనే స్టూలు మీద కూర్చున్నాను. వడియాల్లో ఉప్పు చాలీచాలనట్టు వెయ్యాలి. తడిగా ఉన్నప్పుడు సరిపోయిందంటే ఎండాక ఎక్కువవుతుంది. పైగా రుచి చూడ్డానికి లేదు. ఏడాదంతా ఉండాల్సిన సరుకు ఎంగిలి చెయ్యకూడదని ఆవిడ పట్టింపు. అందుకని అన్నీ అరచేతి కొలతే. సగ్గుబియ్యం ఉడికి గాజులా మెరిసే వేళకి అరచేతిలోకి ఉప్పు పోసుకుని, ఒకసారి చూసుకుని, గిన్నెలో వేసి కలిపింది. అంతలో తాతయ్య వీధి చివర డెయిరీ నుంచి పాలు తెచ్చాడు. ఆయనకి కాఫీ కలిపి ఇచ్చి, మళ్ళీ గిన్నె దగ్గరికి వచ్చి, అరచేతిలోకి ఉప్పు పోసుకుంది.

నేను చూశాను. మాట నోటిదాకా వచ్చింది. కానీ చెబితే ఆవిడ ఆగిపోతుంది. ఆగిపోతే నేను రాసుకోవడానికి ఏమీ ఉండదు. ఉప్పు గిన్నెలో పడేదాకా ఊరుకుని, పుస్తకం కోసం పరిగెత్తాను. అంతవరకూ రాసినవాటిలో అదే అన్నిటికన్నా పెద్దది అని గర్వపడ్డాను కూడా.

ఆ వడియాలు బంగారంలా ఎండాయి. జనవరి ఒకటో తారీఖున అందరం కలిసి భోజనానికి కూర్చున్నాం. పప్పుచారు, బంగాళాదుంప వేపుడు, పళ్ళెం నిండా పువ్వుల్లా విచ్చిన వడియాలు. మామయ్య ఒకటి నోట్లో వేసుకుని మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు. పిల్లలిద్దరూ ఉమ్మేశారు. అమ్మ ఒక ముక్క కొరికి అమ్మమ్మ వైపు చూసింది. తాతయ్య మాత్రం మొహంలో ఏ మార్పూ లేకుండా చేతిలోది మొత్తం తిని ఇంకొకటి తీసుకున్నాడు.

అమ్మమ్మ కూడా ఒకటి తిని చూసుకుంది. "నేనొక్కసారే వేశానే" అంది మెల్లిగా. ఇక్కడి ఉప్పుకి ఉప్పదనం ఎక్కువలే అమ్మా అని మామయ్య సర్దబోయాడు. అక్కడితో ఆగిపోయేది. నేను ఆగనివ్వలేదు. "కాదు మామయ్యా, రెండుసార్లు వేసింది. నేను చూశాను, రాశాను కూడా!" అని లోపలికి పరిగెత్తి పుస్తకం తెచ్చి చదవడం మొదలుపెట్టాను. మూడోది చదువుతుండగా అమ్మ పుస్తకం లాక్కుంది. అమ్మమ్మ లేచి వడియాల పళ్ళెం తీసుకుని తన ఫ్లాట్‌లోకి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం అమ్మా, మామయ్యా వంటింట్లో గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. నా పుస్తకం వాళ్ళ మధ్య బల్ల మీద ఉంది. ఉప్పు సంగతి సరే, పొయ్యి ఆపడం మర్చిపోతే ఎలా అని మామయ్య భయం. ఫ్లాట్‌లో పొయ్యి తీయించేద్దాం, రెండుపూటలా ఇక్కడి నుంచే పంపిద్దాం, అమ్మమ్మకి కూడా పని తప్పుతుంది అనుకున్నారు. వాళ్ళలో ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. నేను తలుపు చాటున వింటున్నాను. పొయ్యి లేని అమ్మమ్మని నేనెప్పుడూ ఊహించుకోలేదు. పొద్దున్నే లేచి ఆవిడ ఏం చేస్తుంది? ఎవర్ని అదిలిస్తుంది? నా పుస్తకం ఇంత పని చేస్తుందని నేననుకోలేదు. దాన్ని ఎక్కడైనా పారెయ్యాలనిపించింది.

మర్నాడు పొద్దున అమ్మమ్మ తన మెట్టు మీద కూర్చుని నన్ను పిలిచింది. పుస్తకం తీసుకురమ్మంది. ఆవిడకి ఇంగ్లీషు రాదు.

"మొదట్నించీ చదువు. తెలుగులో చెప్పు, ఒక్కటీ వదలకుండా" అంది.

నేను రాసుకున్నప్పుడు ఎంతో తెలివిగా అనిపించిన మాటలు ఆవిడ మొహంలోకి చూస్తూ చెప్పాల్సి వచ్చేసరికి నసుగుతూ చదివాను. మొత్తం పదమూడు. అమ్మమ్మ సరుకుల చీటీ విన్నంత శ్రద్ధగా వింది. మధ్యలో ఆపి తగాదా కూడా పెట్టుకుంది. తోటకూర పులుసు ఫ్రిజ్‌లో పెట్టడం మర్చిపోలేదట, బాగా కుదరలేదని కావాలనే పారబోసిందట. "అది కొట్టెయ్" అంది. పక్కింటావిడ పేరు మర్చిపోవడం కూడా లెక్కలోకి రాదట, ఆ పేరు తనకి ఎప్పుడూ తెలియదట. అలా నాలుగు కొట్టేయించింది. తొమ్మిది మిగిలాయి. పొయ్యి సంగతి మాత్రం రెండుసార్లు చదివించుకుంది. ఆ తర్వాత కాసేపు ట్రాంపొలీన్ వైపు చూస్తూ కూర్చుంది. భయపడిందని అప్పుడు నాకు అర్థమైంది.

చివరిది ఉప్పు. నేను చదవడం పూర్తయ్యాక అడిగింది. "అప్పుడు నువ్వెక్కడున్నావే?"

"నీ పక్కనే. స్టూలు మీద."

"మరి నా చెయ్యి పట్టుకోలేదేం?"

నేను పుస్తకం మూసేశాను. "పుస్తకానికి చెప్పావు. అన్నం దగ్గర అందరికీ చెప్పావు. పక్కనే ఉన్న నాకు చెప్పలేదు. ముసలితనం వచ్చింది నాకే కదటే, ముందు నాకు తెలియద్దూ?" అంది. ఆవిడ గొంతులో కోపం లేదు. నిజంగానే ఆ సంగతి ఆవిడకి అర్థం కాలేదు. నేను ఏడ్చేశాను. ఊరుకోమని అనలేదు, దగ్గరికీ తీసుకోలేదు. ఏడవనిచ్చింది. అయ్యాక ముక్కు తుడుచుకుని లోపలికి రమ్మంది. రాత్రే సగ్గుబియ్యం నానబోసి పెట్టుకుందట. అవతలి వంటింట్లో పొయ్యి తీయించే మాటలు జరుగుతున్నప్పుడు ఇవతల మా అమ్మమ్మ రెండో విడత వడియాలకి సిద్ధం చేసుకుంటోంది!

ఆ పూట ఆవిడ రెండు ఏర్పాట్లు చేసుకుంది. రెండూ తన బుర్రలోంచి వచ్చినవే. ఇకమీదట ఉప్పు ముందే ఒక గిన్నెలోకి తీసుకుని, వేసెయ్యగానే ఆ గిన్నె గట్టు మీద బోర్లించేస్తుంది. పొయ్యి వెలుగుతుండగా వంటింట్లోంచి బయటికి రావాల్సి వస్తే గరిటె చేత్తో పట్టుకునే వస్తుంది. చేతిలో గరిటె ఉందంటే లోపల ఏదో ఉడుకుతోందని గుర్తు. ఆ తర్వాత ఎన్నోసార్లు గరిటె పట్టుకుని టీవీ చూసింది, ఫోన్ మాట్లాడింది, ఒకసారి గేటు దగ్గర కొరియర్ అబ్బాయికి సంతకం కూడా పెట్టింది. తాతయ్య, మీ అమ్మమ్మ యుద్ధానికి బయల్దేరింది అని ఏడిపించేవాడు.

గిన్నె బోర్లించే పద్ధతి మాత్రం ఆ మొదటిరోజు పెట్టలేదు. అలవాటైన అరచేత్తోనే ఉప్పు వేసింది. కలిపింది. అటు తిరిగి జీలకర్ర డబ్బా మూత పెట్టింది. ఇటు తిరిగి మళ్ళీ అరచేతిలోకి ఉప్పు పోసుకుంది. చెయ్యి గిన్నె మీదకి వచ్చింది. పెద్దవాళ్ళని తప్పు పట్టకూడదని మా ఇంట్లో ఎవరూ ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు, అది ఒంట్లోనే ఉంటుంది. అయినా లేచి నిలబడి ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. "వేశావు అమ్మమ్మా" అన్నాను.

ఆవిడ నా వైపు చూసింది. అరచేతిలో ఉప్పు తిరిగి డబ్బాలో పోసి, "సరే" అంది. అంతే. నిజంగా మర్చిపోయిందో, నేను పట్టుకుంటానో లేదో చూద్దామనుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. తర్వాత చాలాసార్లు అడిగాను. నవ్వేది తప్ప చెప్పలేదు.

మధ్యాహ్నం మామయ్య పొయ్యి మాట ఎత్తబోతే అమ్మమ్మే ముందు ఎత్తింది. నా పుస్తకం ఆయన చేతిలో పెట్టి, మిగిలిన తొమ్మిదీ నిజమేననీ, వాటికి తన ఏర్పాట్లు ఇవీ అనీ చెప్పింది. "ఇంకేదైనా కనబడితే నాకు చెప్పండి. నా వల్ల కానప్పుడు నేనే దిగిపోతాను" అంది. మామయ్య చాలాసేపు తల గోక్కున్నాడు. సరే అనక తప్పలేదు. ఆ తర్వాత నాలుగేళ్ళు ఆవిడ వండుకుంది. ఆ నాలుగేళ్ళూ వడియాలు మాకు చక్కగా కుదిరాయి. అయిదో ఏడు మేము కారు దిగగానే, ఇక చాలే, ఈసారి మీరు పెట్టండి, నేను కుర్చీలో కూర్చుని చెబుతాను అని తనే అంది. ఎవరూ దించలేదు. ఆ మాట చెప్పినప్పుడు ఆవిడ మొహంలో ఓడిపోయిన జాడ లేదు.

ఇప్పుడు మేమంతా పెద్దవాళ్ళమయ్యాం, మా తరంలో నేనే పెద్దదాన్ని. సెలవులకి అమ్మ దగ్గరికి హామిల్టన్ వెళ్తుంటాను. పోయినసారి అమ్మ నన్ను కారులో తీసుకెళ్తూ రౌండెబౌట్ దగ్గర కుడివైపు నుంచి వస్తున్న కారుని చూడలేదు. ఇంటికి వెళ్ళి మామయ్యకి ఫోన్ చేసి గుసగుసలాడొచ్చు. చాలామంది అదే చేస్తారు, ప్రేమతోనే చేస్తారు. నేను అక్కడే చెప్పాను. అమ్మా, ఆ కారు నీకు కనబడలేదు అన్నాను. నాకు డ్రైవింగ్ నేర్పేంతదానివయ్యావా అని అమ్మ మండిపడింది. రాత్రి భోజనాల దాకా మాట్లాడలేదు. నాకు బాధగానే ఉంది కానీ మాట వెనక్కి తీసుకోలేదు. పొద్దున అమ్మే కళ్ళ డాక్టరుకి ఫోన్ చేసి టైము తీసుకుంది. నన్ను కారు తియ్యమంది.

పెద్దవాళ్ళలో మార్పు కనిపిస్తే దాన్ని వాళ్ళకే, అప్పుడే, చేతికి అందేంత దగ్గర నిలబడి చెప్పాలన్నది మా అమ్మమ్మ నాకు నేర్పిన పని. కోపం వస్తుంది, పోతుంది. వాళ్ళని పక్కన పెట్టి వాళ్ళ గురించి మాట్లాడుకుంటే మాత్రం వాళ్ళకి చెయ్యగలిగింది ఏమీ మిగలదు. నా వంతు కూడా ఒకరోజు వస్తుందని నాకు తెలుసు. అందుకే నా కూతురికి ఇప్పటి నుంచే అలవాటు చేస్తున్నాను. దానికి తొమ్మిదేళ్ళు. బొత్తిగా మొహమాటం లేదు, రోజుకి నాలుగు తప్పులు చెబుతుంది. నిన్న చెప్పిన నాలుగింట్లో మూడు నిజమే.